కలర్ డ్రెస్ రోజు

బడి ప్రార్థన వరుసలో నీలం, తెలుపు యూనిఫాంల మధ్య ఒక్క పట్టులంగా మెరిస్తే చాలు, ఆ రోజు ఎవరి పుట్టినరోజో ఎవరూ ప్రకటించనక్కర్లేదు. తెలుగునాట ప్రైవేటు బళ్లలో చదివినవాళ్లకు ఆ తర్వాతి తతంగం కంఠతా వచ్చు. మొదటి పీరియడ్‌లో క్లాస్ టీచర్ ముందుకు పిలుస్తుంది. పిల్లలంతా లేచి చప్పట్లు కొడుతూ పాట అందుకుంటారు. అది అయ్యేదాకా పుట్టినరోజు పిల్లకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. పాట అయ్యాక చాక్లెట్ల డబ్బా మూత తెరుచుకుంటుంది. క్లాసులో తలా ఒకటి, టీచరుకు రెండు. అక్కడిదాకా సాఫీగానే సాగుతుంది. చిక్కంతా ఆ తర్వాత. స్టాఫ్ రూముకూ, హెడ్మాస్టర్ గదికీ, పక్క సెక్షన్లకూ డబ్బా పట్టుకుని తిరగాలి. తోడు ఎవరు వెళ్లాలి?

“నేనెళ్తా మిస్, నేనెళ్తా!” అంటూ బెంచీల మీంచి చేతులు లేస్తాయి. వెళ్లినవాడికి సగం పీరియడ్ ఎగ్గొట్టే వీలు, పైగా రెండు చాక్లెట్లు ఎక్కువ. పిలుస్తుందనుకున్న స్నేహితురాలు పిలవకపోతే, కూర్చుండిపోయిన పిల్లకు ఆ పూట పాఠం తలకెక్కదు. నలభైమంది క్లాసులో ఒకరిని ఎంచుకోవడమంటే ముప్ఫై ఎనిమిది మందిని వద్దనడం. అనుభవమున్న టీచర్లు ఆ ఎంపికను పిల్ల మీద వదలరు. రోల్ నంబర్ల వరుసనో, ఆ వారం క్లాస్ లీడరుగా ఉన్నవాళ్లనో తోడు పంపిస్తారు. ఎవరూ కావాలని వదిలేసినట్టుండదు, ఎవరి ముఖమూ చిన్నబోదు. పుట్టినరోజును బడిలో నడపడం ఇలాంటి చిన్న చిన్న ఏర్పాట్లతో కూడిన పని. సాధారణంగా టీచర్ ట్రైనింగులో దీనికో పాఠం ఉండదు. స్టాఫ్ రూములో పాత టీచర్లను చూసి కొత్తవాళ్లు నేర్చుకోవాల్సిందే.

నిజానికి ప్రపంచమంతా కేకు చుట్టూ చేరి పాడే ఆ ఇంగ్లిష్ పాటను కన్నది కూడా ఒక బడే. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ప్యాటీ హిల్ కిండర్‌గార్టెన్ నడిపేది. ఆమె మాటలకు అక్క మిల్‌డ్రెడ్ హిల్ బాణీలు కట్టేది. అక్కాచెల్లెళ్లు చిన్నపిల్లల కోసం చేసిన పాటలు 1893లో పుస్తకంగా వచ్చాయి. పొద్దున్నే క్లాసులో పిల్లలను పలకరించే పాట వాటిలో ఒకటి. తర్వాతి కాలంలో ఆ బాణీ మీదే పుట్టినరోజు మాటలు వచ్చి కూర్చున్నాయి. హక్కులు తమవేనంటూ ఒక మ్యూజిక్ కంపెనీ ఏళ్ల తరబడి ఫీజులు వసూలు చేసింది. ఆ మాటల మీద ఆ కంపెనీకి చెల్లుబాటయ్యే హక్కు లేదని 2015లో అమెరికా ఫెడరల్ జడ్జి తేల్చారు.

తెలుగు ఇళ్లలో పుట్టినరోజు దారి వేరు. తిథిని బట్టి తలంటు, కొత్తబట్టలు, గుడి, పాయసం, పెద్దల అక్షింతలు. చాలా కుటుంబాలకు ఇంగ్లిష్ తేదీతో పనిపడింది బడిలో చేర్చేటప్పుడే. ఊళ్లో బడి తెరిచాక పిల్లాణ్ని తీసుకెళ్తే, “వరి కోతలప్పుడు పుట్టాడండీ” అని తల్లి చెప్పేది. జూన్ నాటికి ఐదేళ్లు నిండినట్టు లెక్క సరిపోయేలా హెడ్మాస్టరు అడ్మిషన్ రిజిస్టరులో ఒక తేదీ వేసేవాడు. ఎస్సెస్సీ సర్టిఫికెట్లో ఎక్కిందీ, ఉద్యోగానికి పనికొచ్చిందీ, చివరికి రిటైర్మెంట్ ఎప్పుడో నిర్ణయించిందీ ఆ తేదీయే. తెలుగు రాష్ట్రాల్లో జూన్ ఒకటిన, జూలై ఒకటిన పుట్టినట్టు కాగితాల్లో ఉన్న పెద్దవాళ్లు అంతమంది కనిపించడం వెనక గ్రహాల ప్రమేయమేమీ లేదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లోనే వచ్చినా ఈ వాడుక చాలాకాలం నడిచింది. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలను బడిలో చేర్చాలంటే పుట్టినతేదీకి రుజువు జనన ధ్రువపత్రమే. తేదీలు పంచిపెట్టే పని హెడ్మాస్టర్లకు తప్పింది. వాటిని జరిపించే పని టీచర్లకు మిగిలింది.

ఆ జరిపించడం ఒకప్పుడు చవగ్గానే తేలేది. చిత్తూరు న్యూట్రిన్ కంపెనీ ఆశ చాక్లెట్లో, మహాలాక్టోలో ఒక కవరు కొంటే క్లాసంతటికీ సరిపోయి, ఇంటికి నాలుగు మిగిలేవి. అందరూ తెచ్చేవి ఇంచుమించు అవే గనక ఒకరిది గొప్పా కాదు, ఒకరిది తక్కువా కాదు. తర్వాత పెద్ద కంపెనీల చాక్లెట్ బార్లు వచ్చాయి. ఆపైన పెన్సిల్ పౌచ్, వాటర్ బాటిల్, పిల్ల ఫొటో అచ్చేసిన సంచీలో రిటర్న్ గిఫ్ట్. నలభైమందికి తలా యాభై రూపాయలంటే రెండు వేలు. క్లాసులో ఒకరు ఆ గీత గీశాక, తర్వాత వచ్చే పుట్టినరోజులన్నీ ఆ గీతకు ఇవతలో అవతలో పడతాయి. పిల్లలు ఆ కొలతను నోరు విప్పి చెప్పకపోవచ్చు. ఇంటికెళ్లి మాత్రం అడుగుతారు.

ఇంటి సంగతి తెలిసి అడగని పిల్లలూ ఉంటారు. పుట్టినరోజున కడుపునొప్పి వచ్చే పిల్లలు వాళ్లే. అపార్ట్‌మెంట్లో ఫ్లాటు ఓనరు కూతురూ, అక్కడి వాచ్‌మన్ కూతురూ ఒకే బెంచీ మీద కూర్చునే వీలు చట్టమే కల్పించింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో పాతిక శాతం సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఆ చట్టం ఫీజు సంగతి చూస్తుంది. చాక్లెట్ల డబ్బా సంగతి చూడదు. అది చూసుకోవాల్సింది క్లాస్ టీచరే.

బడులకు తోచిన మొదటి మందు సర్క్యులర్. కేకు వద్దు, రిటర్న్ గిఫ్టులు వద్దు, కొన్నిచోట్ల కలర్ డ్రెస్ కూడా వద్దు. అలాంటి సర్క్యులర్‌కు పైనుంచి ఊతమూ ఉంది. కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించిన తిండిని బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనిపించేలా ‘షుగర్ బోర్డు’లు పెట్టమని సీబీఎస్ఈ 2025 మే నెలలో తన బడులకు చెప్పింది. ప్లాస్టిక్ సంగతి సరేసరి. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన వాటిలో బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు ఉన్నాయి. స్వీట్ డబ్బాలకూ ఇన్విటేషన్ కార్డులకూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర కూడా ఉంది. ఆ జాబితా రాసినవాళ్లు ఎవరి ఇంట్లోనో పార్టీ ముగిశాక హాలు చూసి రాశారేమో అనిపిస్తుంది.

అయితే వద్దన్నంత మాత్రాన పుట్టినరోజు ఆగదు. బడిబస్సులోకి, గేటు బయటికి, వాట్సాప్ స్టేటస్‌లోకి మకాం మారుస్తుంది. డబ్బా పోతుంది, పోలిక పోదు. పోగూడనిది ఇంకొకటి పోతుంది. క్లాసంతా కలిసి తన పేరు పలికే ఆ ఐదు నిమిషాలు కొందరు పిల్లలకు ఏడాది మొత్తంలో ఒక్కసారే దొరుకుతాయి. ముందు బెంచీ ర్యాంకర్లకు ఆ భాగ్యం నెలనెలా పరీక్ష మార్కులు చదివినప్పుడు దక్కుతుంది. చివరి బెంచీలో నోరెత్తని పిల్లాడికి కలర్ డ్రెస్ రోజొక్కటే. ఖరీదును తీసేసి ఆ ఐదు నిమిషాలనూ నిలపగలిగిన టీచరే ఈ పనిలో గట్టి టీచరు.

దానికి దారులున్నాయి. మాంటిస్సోరి బళ్లలో ఒక పద్ధతి ఉంది. నేల మీద గీసిన వలయం మధ్యలో సూర్యుడికి గుర్తుగా కొవ్వొత్తి వెలిగిస్తారు. పుట్టినరోజు పిల్ల చిన్న గ్లోబు పట్టుకుని ఎన్నేళ్లు నిండితే అన్నిసార్లు దాని చుట్టూ నడుస్తుంది. ఒక్కో చుట్టు పూర్తయ్యాక ఆ ఏడాది సంగతి ఒకటి చెబుతారు. మొదటి చుట్టుకు పన్ను వచ్చింది, రెండో చుట్టుకు మాటలు వచ్చాయి, మూడో చుట్టుకు తమ్ముడు పుట్టాడు. కొవ్వొత్తి తప్ప ఖర్చు లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరగడమే ఏడాది అన్న పాఠం కూడా అందులోనే అయిపోతుంది. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకు శిక్షణనిచ్చింది. గ్లోబు లేని బడిలో బత్తాయితోనైనా ఈ నడక నడిపించొచ్చు.

జపాన్ కిండర్‌గార్టెన్లలో ఒక నెలలో పుట్టిన పిల్లలందరికీ కలిపి ఒకే రోజున వేడుక చేయడం మామూలు. నెలకొక్కసారి కనుక పాఠాలకు పెద్దగా అడ్డు రాదు, ముగ్గురు నలుగురు కలిసి నిలబడతారు కనుక ఎవరి స్తోమతా విడిగా బయటపడదు. నెదర్లాండ్స్ బళ్లలోనేమో తెలుగు బళ్లలో చూసే దృశ్యమే కనిపిస్తుంది. పుట్టినరోజు పిల్ల క్లాసుకు తినుబండారం పంచి, ఒక కార్డు పట్టుకుని మిగతా టీచర్ల దగ్గరికి వెళ్తుంది, వాళ్లు దాని మీద శుభాకాంక్షలు రాసిస్తారు. హైదరాబాదు పిల్ల ఖాళీ డబ్బాతో తిరిగొస్తుంది, ఆమ్‌స్టర్‌డామ్ పిల్ల చేతిలో కార్డుతో తిరిగొస్తుంది. హెడ్మాస్టరు చాక్లెట్ తీసుకుని ఒక కాగితం మీద రెండు మాటలు రాసివ్వడానికి ఏ సర్క్యులరూ అక్కర్లేదు.

ఈ దేశంలోనూ మంచి వాడుకలున్నాయి. పుట్టినరోజున గ్రంథాలయానికి ఒక పుస్తకం ఇవ్వమని పిల్లలను ప్రోత్సహించే కేంద్రీయ విద్యాలయాలున్నాయి. పుస్తకం లోపలి పేజీలో ఇచ్చినవాళ్ల పేరుంటే, నాలుగేళ్ల తర్వాత ఇంకెవరో చదువుతూ ఆ పేరు చూస్తారు. ఇందులోనూ ఒక జాగ్రత్త కావాలి. పాత పుస్తకమైనా పర్లేదని ముందే చెప్పకపోతే, ఇదీ ఖరీదుల పోటీ అయి కూర్చుంటుంది. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికి 2021 నుంచి పీఎం పోషణ్ అని పేరు. అందులో ‘తిథి భోజన్’ అనే ఏర్పాటు ఉంది. గుజరాత్‌లో మొదలైన ఈ పద్ధతిలో పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో ఎవరైనా బడిపిల్లలందరికీ ప్రత్యేక భోజనమో, మామూలు భోజనానికి అదనంగా ఒక మిఠాయో పండో పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజన పథకం 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది. వచ్చినవాళ్లకు కాదనకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం ఇల్లాలి పేరు మీద నడిచే పంక్తిలో, దాత ఫొటో కోసం పిల్లలు విస్తళ్ల ముందు చేతులు ముడుచుకుని ఎదురుచూడటం బాగుండదు. భోజనం ముందు, ఫొటో తర్వాత.

ఇదంతా క్లాసు గదిలో జరిగేది. సాయంత్రం ఇంట్లో జరిగే పార్టీకి పిలుపులు ఎవరికన్నది బడికి సంబంధించిన విషయమేనా? స్వీడన్‌లోని లుండ్‌లో 2008లో ఈ ప్రశ్న పార్లమెంటు నియమించే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లింది. ఎనిమిదేళ్ల పిల్లాడు క్లాసులో పార్టీ కార్డులు పంచుతుంటే ఇద్దరికి అందలేదని టీచర్ గమనించి, పంచిన కార్డులన్నీ వెనక్కి తీసుకుంది. ఆ ఇద్దరిలో ఒకడు తన పార్టీకి ఈ పిల్లాణ్ని పిలవలేదు, ఇంకొకడితో పడటంలేదు. క్లాసులో పంచితే ఎవరినీ వేరుగా చూడకుండా చూసుకోవడం తమ బాధ్యతేనని బడి అంది. ఇంకొకరి ఉత్తరాలు లాక్కున్నట్టే కదా అని తండ్రి ఫిర్యాదు చేశాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎవరిని పిలవాలో ఆ ఇంటి ఇష్టం, పిలుపు ఎక్కడ పంచాలో బడి ఇష్టం. కార్డు క్లాసులో చేతులు మారితే బడి నియమం, గేటు దాటాక మారితే ఇంటి నియమం అని ముందే చెప్పి ఉంటే, ఇచ్చిన కార్డులు లాక్కునే అవసరం రాదు.

అమెరికాలో చాలా బడులు గీసింది అలాంటి గీతే. క్లాసులో కార్డులు పంచాలంటే అందరికీ పంచాలి, లేదా క్లాసులో పంచనే కూడదు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దీంతో వచ్చేది అంకెల ఇబ్బంది. తెలుగు స్నేహితులు, బంధువులు, గుడిలో పరిచయమైనవాళ్లు కలిపితేనే హాలు సగం నిండుతుంది, ఆపైన క్లాసంతా. కొందరు రెండు పార్టీలు చేస్తారు, కొందరు కార్డు కింద కానుకలు వద్దని రాస్తారు. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రానికి ఇంకో ముచ్చట కూడా ఉంది. పుట్టినరోజున క్లాసు పిల్లలకు తమకు నచ్చిన తిండి తెచ్చే హక్కును టెక్సస్ శాసనసభ 2005లో చట్టంలో రాసింది, తల్లిదండ్రులకే కాదు, అమ్మమ్మలకూ తాతలకూ కూడా. 2015లో అక్కడి వ్యవసాయ కమిషనర్ సిడ్ మిల్లర్ పదవిలోకి రాగానే చేసిన మొదటి పని బుల్లి కేకులకు ‘క్షమాభిక్ష’ ప్రకటించడం.

అలా హక్కుంది కదాని అమ్మమ్మ నువ్వుండలు చేసుకుని బడికి వెళ్తే ఇంకో చిక్కు ఎదురవుతుంది. పల్లీలు, పాలు, గుడ్లు, గోధుమ వగైరాలతో పాటు నువ్వులను కూడా ప్రధాన అలర్జీ కారకాల్లో తొమ్మిదోదిగా చేర్చే చట్టం అమెరికాలో 2021లో వచ్చింది, 2023 జనవరి 1 నుంచి ప్యాకెట్ల మీద ఆ సంగతి తప్పనిసరిగా ఉండాలి. చాలా బడులు ఇంట్లో చేసింది వద్దని, లేబుల్ ఉన్న ప్యాకెట్ తెమ్మనడానికి కారణం ఇదే. తెలుగునాట పల్లీ పట్టీ పంచేముందు ఎవరికి పడదో అడిగే అలవాటు ఇంకా రావాల్సి ఉంది.

పిలుపుకు రానివాళ్ల కథా ఒకటుంది. 2015 జనవరిలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఐదేళ్ల పిల్లాడి బడిసంచీలోంచి ఒక బిల్లు బయటపడింది. వస్తానని చెప్పి పార్టీకి రానందుకు 15.95 పౌండ్లు కట్టమని అవతలి పిల్లాడి తల్లి పంపిన బిల్లది. ఈ తగువులోకి తాము రాలేమని బడి చెప్పింది. గొడవ ప్రపంచమంతా పాకింది.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఆ బిల్లు సంచీలో రాదు, వాట్సాప్‌లో సూటిపోటి మాటగా వస్తుంది. క్లాసు గ్రూపులో అందరి నంబర్లూ ఉంటాయి కనుక కార్డులతో పని లేదు. పన్నెండుమందితో ఓ కొత్త గ్రూపు తెరుచుకుంటుంది. గుట్టుగానే ఉందనుకుంటారు. మర్నాడు ఫొటోలు పొరపాటున పెద్ద గ్రూపులో పడతాయి. సోమవారం క్లాసులో దాని తాలూకు మౌనాన్ని భరించేది గ్రూపు అడ్మిన్ కాదు, క్లాస్ టీచర్. పార్టీల సంగతులు క్లాసు గ్రూపులో పెట్టవద్దన్న ఒక్క వాక్యం ఏడాది మొదట్లోనే చెప్పుకుంటే ఆమెకు సగం భారం తగ్గుతుంది.

పుట్టినరోజే చేసుకోని ఇళ్లూ ఉన్నాయి. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబాలకు అది విశ్వాసానికి సంబంధించిన విషయం. ఇంట్లో పెద్దవాళ్లు పోయిన ఏడాది పండుగలు మానేసే హిందూ కుటుంబాలు పిల్లల వేడుకనూ మానుకుంటాయి. కేరళలో యెహోవా సాక్షుల పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి, పాడకుండా ఉన్నందుకు బడి నుంచి తీసేస్తే, సుప్రీంకోర్టు 1986లో ఆ పిల్లల పక్షాన నిలిచింది. జాతీయగీతం దగ్గరే అంత చోటున్నప్పుడు పుట్టినరోజు పాట దగ్గర లేకపోవడమేమిటి? “ఇవాళ నీ బర్త్‌డే కదా, చాక్లెట్లేవి?” అని అందరి ముందూ అడిగే టీచరుకు, పక్కకు పిలిచి “ఏమైనా చేద్దామా నాన్నా?” అని అడిగే టీచరుకు మధ్య తేడా ఆ పిల్లకు తెలుస్తుంది.

అసలు బడిలో పుట్టినరోజే రాని పిల్లలూ కొందరుంటారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు ఏప్రిల్ చివర్లో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఏడు వారాల ఆ సెలవుల లెక్క వేస్తే, నలభైమంది క్లాసులో ఇంచుమించు ఐదుగురి వేడుక ఎప్పటికీ బడిలో జరగదు. ఆరు నెలలు ముందుకు జరిపి మే 20న పుట్టిన పిల్లకు నవంబర్ 20న పాట పాడిస్తే సరిపోతుంది. నెలవారీ వేడుక పద్ధతి ఉన్న బడిలో సెలవులకు ముందటి వారం వీళ్లందరిదీ.

జూన్‌లో మొదటి పేరెంట్స్ మీటింగులో ఫీజులు, బస్సు రూట్లు, యూనిఫాం కొలతలు మాట్లాడాక పది నిమిషాలు మిగిల్చుకుంటే చాలు. ఇంట్లో పుట్టినరోజు చేస్తారా, పిల్లకు ఏ తిండి పడదు, క్లాసులో పంచేది ఎంతలో ఉండాలి అన్న మూడు ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. నాలుగోది ఫొటో. పేరు, తరగతి, కలర్ డ్రెస్ ఫొటో కలిపి బడి ఫేస్‌బుక్ పేజీలో పెట్టడం చాలాచోట్ల మామూలైపోయింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఈ నాలుగో ప్రశ్న దగ్గర కొంత పేచీ తప్పదు, ఎందుకంటే అడ్మిషన్ల సీజన్‌లో ఆ ఫొటోలు యాజమాన్యానికి ఖర్చులేని ప్రకటనలు. క్లాస్ టీచర్ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సింది ఆ గదిలో కూర్చున్న తల్లిదండ్రులే.